ట్రై బైకా, రోడ్ బైకా? ముందు మోచేతుల లెక్క తేల్చుకోవాలి

గోవాలో 2019లో ఐరన్‌మ్యాన్ 70.3 మొదలైనప్పటి నుంచి హైదరాబాద్, విశాఖ, విజయవాడ సైక్లింగ్ బృందాల్లో ట్రయథ్లాన్ మాట తరచూ వినిపిస్తోంది. ఆ రేసులో ఒకదాని వెంట ఒకటిగా 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. ఈత నేర్చుకోవచ్చు, పరుగుకు ఒక జత బూట్లు చాలు. సైకిల్ దగ్గరికొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. రేసులో ఎక్కువసేపు గడిచేదీ దాని మీదే, ఎక్కువ డబ్బు పోయేదీ దాని మీదే. వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ తీసుకోవాలా, మోచేతులు ఆనించి ముందుకు వాలి తొక్కే ట్రై బైక్ తీసుకోవాలా అని అడిగితే సాధారణంగా వినబడే జవాబు ఒకటే: “ట్రయథ్లాన్‌కైతే ట్రై బైకే, అదే ఫాస్ట్.”

ఆ జవాబులో సగం నిజం ఉంది. ట్రై బైక్ వేగమైనదే. కానీ ఆ వేగంలో ఫ్రేము వాటా కొంచెం, మనిషి వంగిన తీరు వాటా చాలా ఎక్కువ. ఆ వంపులో ఎన్ని నిమిషాలు కదలకుండా ఉండగలిగితే అన్ని నిమిషాలకే లాభం. లేచి కూర్చున్న మరుక్షణం అది కాస్త బరువెక్కువైన, మలుపుల్లో మొండికేసే సైకిల్‌గా మిగులుతుంది. అందుకే మొదటి రెండు మూడేళ్లు చాలామందికి సరైన కొనుగోలు ఒంటికి సరిపోయే రోడ్ బైక్, దాని హ్యాండిల్ మీద బిగించుకుని మోచేతులు ఆనించే కడ్డీలు, అంటే క్లిప్-ఆన్ ఏరోబార్లు. ట్రై బైక్ ఇంట్లోకి రెండో సైకిల్‌గా రావాలి. ఎందుకో అంకెలే చెబుతాయి.

తేడా ఎక్కడ మొదలవుతుంది

చక్రాల సైజు రెండింటికీ ఒకటే, 700సి. చైను, గేర్లు కూడా దాదాపు ఒకటే. తేడా సీటు ఉన్నచోట మొదలవుతుంది. పెడళ్లు తిరిగే ఇరుసును బాటమ్ బ్రాకెట్ అంటారు. అక్కడి నుంచి సీటుకు గీత గీస్తే రోడ్ బైక్‌లో అది నేలతో 73 డిగ్రీల దగ్గర కోణం చేస్తుంది. ట్రై బైక్‌లో 76 నుంచి 80. ఐదు డిగ్రీలే కదా అనిపిస్తుంది. సీటు ఎత్తు 72 సెంటీమీటర్లు పెట్టుకునే మనిషికి 73 నుంచి 78 డిగ్రీలకు మారడమంటే సీటు 6 సెంటీమీటర్లు ముందుకు జరగడం. రోడ్ బైక్ సీటు కింది పట్టాల మీద జరుపుకునే వీలు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది.

అంత ముందుకు ఎందుకు జరగాలి? రోడ్ బైక్ మీద కూర్చుని నడుము బాగా వంచి మోచేతులు హ్యాండిల్‌కు ఆనిస్తే, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ తొడ పొట్టను నొక్కుతుంది. తుంటి దగ్గర మడత బిగుసుకుంటుంది, ఊపిరి నిండా అందదు, కాసేపట్లోనే తొక్కే బలం తగ్గుతుంది. ట్రై బైక్ మనిషిని ఉన్నవాణ్ని ఉన్నట్టే బాటమ్ బ్రాకెట్ చుట్టూ ముందుకు తిప్పుతుంది, గోడ గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క గీత జరిగినంత. వీపు కిందికి వస్తుంది, తొడకూ పొట్టకూ మధ్య ఖాళీ మాత్రం తగ్గదు. సైకిల్ దిగాక పరుగు తేలికగా ఉంటుందని చెప్పే మాటలన్నిటికీ మూలం ఈ ఖాళీయే. ఆ మాటల్లో అమ్మకపు ఉత్సాహం కూడా కలిసింది కాబట్టి, పరుగు బాగుంటుందన్న ఒక్క ఆశతో లక్షలు పెట్టకూడదు.

రెండో తేడా హ్యాండిల్. కింద అడ్డంగా ఉండే బేస్ బార్ మీద బ్రేకులుంటాయి. దాని పైన ముందుకు చాచిన రెండు కడ్డీలు, మోచేతుల కింద మెత్తలు, కడ్డీల కొసన గేరు మీటలు. గేరు ఒకచోట, బ్రేకు మరోచోట అన్నమాట. ఎలక్ట్రానిక్ గేర్లయితే రెండుచోట్లా బటన్లు పెట్టుకోవచ్చు, కేబుల్ గేర్లకు ఆ వీలు లేదు.

చరిత్రలో ఏది ముందొచ్చిందో చూస్తే కొనేవాళ్లకు దారి దొరుకుతుంది. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కు ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ ఏరోబార్ల మీద వాలి తొక్కాడు. అప్పటికి 50 సెకన్లు వెనకబడి ఉన్నవాడు ఆ ఒక్క సాయంత్రంతో లోరాన్ ఫిన్యోన్ మీద 8 సెకన్ల తేడాతో మొత్తం రేసు గెలిచాడు. ట్రయథ్లెట్లు ఆ కడ్డీలను అంతకుముందే వాడుతున్నారు. ఆ కడ్డీలకు తగ్గట్టు సీటును నిటారుగా జరిపిన ఫ్రేమును క్వింటానా రూ కంపెనీ పెట్టిన డాన్ ఎంప్‌ఫీల్డ్ ఆ రోజుల్లోనే తయారు చేశాడు. కడ్డీలు ముందు, ఫ్రేము తర్వాత. ఈనాటి కొనుగోలుకూ ఈ వరసే మంచిది.

గాలి లెక్క

చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంలో తొక్కే శక్తిలో ముప్పావు వంతు గాలిని నెట్టడానికే పోతుంది. ఆ గాలికి అడ్డం పడేది ప్రధానంగా మనిషి ఒళ్లే, నూటికి 70 నుంచి 80 వంతులు. సైకిల్‌ది మిగతా కొంచెం. వేగం 10 శాతం పెంచాలంటే గాలి కోసం పెట్టే శక్తి 33 శాతం పెరగాలి, ఎందుకంటే అది వేగం ఘనంతో పెరుగుతుంది. కాళ్ల బలం పెంచుకుని ఆ 33 శాతం తేవడం ఏళ్ల పని. గాలికి తగిలే ఒంటిని తగ్గించడం బోల్టులు తిప్పే అలెన్ కీతో అయ్యే పని.

గాలికి మనిషీ సైకిలూ కలిసి ఇచ్చే అడ్డును సీడీఏ అనే అంకెతో చెబుతారు, చదరపు మీటర్లలో. మధ్యరకం ఒళ్లున్న మనిషి బ్రేకు హుడ్ల మీద, అంటే బ్రేకు మీటల పైనుండే రబ్బరు పట్ల మీద చేతులు పెట్టి కూర్చుంటే 0.34 అనుకుందాం. అదే రోడ్ బైక్‌కు క్లిప్-ఆన్లు సరిగ్గా అమర్చుకుంటే 0.29, ఒంటికి కుదిరిన ట్రై బైక్ మీద 0.25. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 85 కిలోలు. చక్రానికి అందే శక్తి 150 వాట్లు. 30 డిగ్రీల వేడిలో సముద్రమట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.16 కిలోలు, టైరు రాపిడి గుణకం 0.005. ఎదురుగాలి లేదు, ఎత్తుపల్లాలు లేవు. ఈ లెక్కన 90 కిలోమీటర్లకు హుడ్ల మీద 2 గంటల 59 నిమిషాలు పడుతుంది. క్లిప్-ఆన్ల మీద 2 గంటల 51. ట్రై బైక్ మీద 2 గంటల 44.

మొదటి ఎనిమిది నిమిషాలు కొన్ని వేల రూపాయల కడ్డీలతో వచ్చాయి. తర్వాతి ఏడు నిమిషాలకు కొన్ని లక్షలు కావాలి. అంతదాకా అయితే అది స్థోమతను బట్టి తేల్చుకునే సంగతి. అసలు చిక్కు ఇంకోటుంది. ఈ మూడు అంకెలూ మనిషి 90 కిలోమీటర్లూ అదే వంపులో ఉన్నాడన్న షరతు మీద వచ్చినవి. మెడ పట్టేసో, గతుకులకు భయపడో, సీటు నొప్పికో ట్రై బైక్ మీద సగం దూరం లేచి బేస్ బార్ పట్టుకుని తొక్కాడనుకోండి. అప్పుడు అతని కాలం 2 గంటల 51 నిమిషాలకు చేరుతుంది. క్లిప్-ఆన్ల మీద పూర్తిగా వాలి ఉన్న రోడ్ బైక్ మనిషి కూడా సరిగ్గా అప్పుడే వస్తాడు. లక్షల తేడా అక్కడ కరిగిపోయింది.

ఎక్కుడు వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. 5 శాతం వాలు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే బరువును పైకి లాగడానికే 174 వాట్లు కావాలి, గాలికి 14 వాట్లు చాలు. అక్కడ మోచేతుల మీద వాలినా ప్రయోజనం ఉండదు. అలాగని ట్రై బైక్ కిలో ఎక్కువ బరువుందని బెంగ పడనక్కర్లేదు, అదే వాలు మీద ఒక కిలో ఖరీదు 2 వాట్లే. ఎక్కుడులో ఇబ్బంది పెట్టేది గేర్లు. చాలా ట్రై బైకులు ముందు 52/36, వెనక 11-28 పళ్లతో వస్తాయి. దూరాలకు చేసిన ఎండ్యూరెన్స్ రోడ్ బైక్‌లో ముందు 50/34, వెనక 11-34 మామూలు. నిమిషానికి 60 సార్లు తొక్కితే మొదటిదాని అతి తేలిక గేరులో 9.7 కిలోమీటర్ల వేగం, రెండోదానిలో 7.6. పైన చెప్పిన 85 కిలోల లెక్కకే 8 శాతం ఎక్కుడు పెడితే మొదటి గేరుకు సుమారు 195 వాట్లు కావాలి, రెండోదానికి 150 సరిపోతాయి. అరకు ఘాట్‌లోనో లంబసింగి దారిలోనో వారాంతాలు గడిపేవాళ్లకు ఈ 45 వాట్ల తేడా మోకాళ్లలో తెలుస్తుంది. ట్రై బైక్ కొన్నా, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డిరెయిలర్ అనుమతించినంత పెద్ద క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) మొదటి రోజే మార్పించుకోవాలి.

వాలి తొక్కే రోడ్డు ఉందా

గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ఏరోబార్ల కొసన ఉన్న చేతులు బేస్ బార్ మీది బ్రేకు దాకా రావడానికి ఒక సెకను అనుకుంటే, బ్రేకు పట్టుకోకముందే పది మీటర్లు పోతుంది. కోత రోజుల్లో రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్లు, సర్వీస్ రోడ్డులో ఎదురొచ్చే స్కూటర్, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్, తెల్లవారుజామున వెంటపడే కుక్కలు, వీటన్నిటికీ ఆ పది మీటర్లు చాలా ఎక్కువ. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి సైకిళ్లను రానివ్వరు. దాని పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ చదునుగా, నీడగా ఉంటుంది. కానీ అక్కడ పిల్లలు, కొత్తగా నేర్చుకునేవాళ్లు తొక్కుతుంటారు. జనం ఉన్న వేళ అక్కడ మోచేతుల మీద వాలడం వాళ్లకూ ప్రమాదమే. వారంలో ఎన్ని గంటలు నిజంగా వాలి తొక్కగల రోడ్డు అందుబాటులో ఉందో ఒక నెల రాసుకుని చూస్తే, సైకిల్ ఎంపిక సగం తేలిపోతుంది. గంట కూడా లేకపోతే ట్రై బైక్ ట్రైనర్ మీద, అంటే ఇంట్లో సైకిల్‌ను నిలిపి తొక్కే స్టాండ్ మీద తప్ప కదలదు.

తీరం వెంబడి గాలి సంగతి వేరు. విశాఖ నుంచి భీమిలి దారిలో సముద్రపు గాలి పక్క నుంచి కొడుతుంది. భవనం చాటున ఆగి, ఖాళీ రాగానే ఒక్కసారిగా తోస్తుంది. బరువంతా ముందు చక్రం మీద ఉన్న ట్రై బైక్, దానికి 80 మిల్లీమీటర్ల లోతు రిమ్ము కూడా ఉంటే ఆ తోపుకు హ్యాండిల్ చేతిలో తిరిగిపోతుంది. 60 కిలోలలోపు బరువున్నవాళ్లు ముందు చక్రానికి 50 మిల్లీమీటర్లు దాటకపోవడం మంచిది. వెనక చక్రం ఎంత లోతున్నా తిప్పుడుకు పెద్దగా సంబంధం ఉండదు. అయినా హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీల్లో పక్కగాలి కారణంగానే వెనక డిస్క్ చక్రాన్ని (కమ్మీలు లేకుండా నిండుగా మూసిన చక్రాన్ని) కూడా అనుమతించరు.

క్లిప్-ఆన్లు బిగించే పద్ధతి

ఏరోబార్లు కొని, అలెన్ కీతో హ్యాండిల్‌కు తగిలించి, వారం తర్వాత “నాకు పడలేదు” అని విప్పేసేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి తేడా కొట్టింది రోడ్ బైక్ జ్యామితి. సీటు వెనక్కి ఉంది, ఫ్రేము పొడుగ్గా ఉంది, దాని ముందు హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్, ఆ పైన ఇంకా ముందుకు కడ్డీలు. మనిషి బల్లిలా సాగిపోతాడు. భుజాలు గంటలో కాలిపోతాయి.

ముందు హ్యాండిల్ చూడాలి. క్లిప్-ఆన్ పట్టు 31.8 మిల్లీమీటర్ల గుండ్రటి చోట కూర్చుంటుంది. పైభాగం చదునుగా చెక్కిన ఏరో హ్యాండిల్‌కు అది కుదరదు. కార్బన్ హ్యాండిల్ అయితే క్లిప్-ఆన్లు బిగించవచ్చని తయారీదారు రాసి ఉండాలి, లేకపోతే అల్యూమినియం హ్యాండిల్ మార్చుకోవాలి. బిగింపు బోల్టు మీద ఎన్ని న్యూటన్ మీటర్లో అచ్చు వేసి ఉంటుంది, సాధారణంగా 5 దగ్గర. దాన్ని టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. తక్కువైతే గుంతలో పడినప్పుడు మోచేతుల బరువుకు కడ్డీలు ముందుకు తిరిగిపోతాయి. పడిపోయే తీరుల్లో అతి ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఆ క్షణంలో చేతులు దేన్నీ పట్టుకుని ఉండవు.

తర్వాత సీటు. దాన్ని పట్టాల మీద వీలైనంత ముందుకు జరపాలి. వెనక్కి వంగిన సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) ఉంటే, వంపు లేని పోస్ట్ వేస్తే ఇంకో 2 సెంటీమీటర్లు దొరుకుతాయి. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది: సీటు ముందుకు జరిగితే బాటమ్ బ్రాకెట్‌కు దగ్గరవుతుంది, అంటే ఎత్తు తగ్గినట్టే. ముందుకు జరిపిన ప్రతి సెంటీమీటరుకు 3 మిల్లీమీటర్లు పైకి లేపాలి. 4 సెంటీమీటర్లు జరిపి ఎత్తు ముట్టుకోకపోతే 12 మిల్లీమీటర్లు తక్కువ సీటు మీద తొక్కుతున్నట్టు. మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి వచ్చిందని ఏరోబార్లను తిట్టేవాళ్లు ముందు ఈ కొలత చూసుకోవాలి.

మెత్తలు మోచేతి ఎముక కింద ఉండకూడదు. ఎముకకు కాస్త ముందు, ముంజేతి కండ లావుగా ఉన్నచోట ఉండాలి. పక్క నుంచి ఎవరైనా ఫోన్‌లో వీడియో తీస్తే, భుజం నుంచి మోచేతికి గీసిన గీత దాదాపు నిలువుగా, మోచెయ్యి రవ్వంత ముందుకు ఉండాలి. మోచెయ్యి బాగా ముందుకు పోయిందంటే స్టెమ్ ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిది వేయాలి. మెత్తలు హ్యాండిల్ కన్నా 4 నుంచి 6 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటాయి, మొదట్లో ఆ ఎత్తు మంచిదే. స్టెమ్ కింద ఎత్తు కోసం వేసే రింగులను, అంటే స్పేసర్లను తీయాలన్న తొందర వద్దు. నెలకు ఒకటి, 5 మిల్లీమీటర్లది, మెడ ఒప్పుకుంటేనే.

సీటు ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచితే తొడల మధ్య ఒత్తిడి తగ్గుతుంది. అంతకన్నా వంచితే మనిషి ముందుకు జారుతూ, తనను తాను చేతులతో ఆపుకుంటూ ఉంటాడు, భుజాలు పట్టేస్తాయి. ముందుకు వాలినప్పుడు బరువు కూర్చునే ఎముకల మీద నుంచి వాటి ముందు భాగానికి మారుతుంది. అక్కడ తిమ్మిరి వస్తే ఓర్చుకోవడం తప్పు, అది నరాలూ రక్తనాళాలూ నలుగుతున్న గుర్తు. ముక్కు రెండుగా చీలిన ట్రయథ్లాన్ సీటు దానికి మందు. ట్రై బైక్ కొన్నా ఆ సీటు దానికి పనికొస్తుంది కాబట్టి డబ్బు వృథా కాదు.

పొట్ట తగులుతోందా, పెడల్‌ను ఇరుసుకు కలిపే క్రాంకు పొడవు చూసుకోవాలి. 172.5 మిల్లీమీటర్ల క్రాంకు బదులు 165 వేస్తే పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు 7.5 మిల్లీమీటర్లు కిందే ఆగుతుంది. సీటును అంతే మేర పైకి లేపుతాం కాబట్టి తుంటి దగ్గర మొత్తం 15 మిల్లీమీటర్ల ఖాళీ దొరుకుతుంది.

ఇంత చేసినా ఒక లోటు తీరదు. గేరు మార్చాలంటే ప్రతిసారీ చెయ్యి ఏరోబార్ మీద నుంచి తీసి బ్రేకు మీట దగ్గరికి తేవాలి. చదునులో ఫర్వాలేదు. దిబ్బలు దిగీ ఎక్కీ ఉండే దారిలో కిలోమీటరుకు నాలుగైదు సార్లు లేవాలి. సీటు ముందుకు జరిగినందువల్ల హుడ్ల మీద తొక్కేటప్పుడు అరచేతులపై బరువూ ఎక్కువవుతుంది. రోడ్ బైక్‌ను 75, 76 డిగ్రీలు దాటించకపోవడమే రాజీ.

ట్రై బైక్ ఎవరికి, ఎప్పుడు

క్లిప్-ఆన్ల మీద మెడనొప్పి లేకుండా 30 నిమిషాలు ఏకబిగిన వాలి తొక్కగలుగుతుంటే, ఏడాదికి రెండు మూడు చదును రేసులు నిజంగా చేస్తుంటే, వేరే రోడ్ బైక్ ఇంట్లో ఉంటే, ఫిట్టింగ్ తెలిసినవాళ్లు దగ్గర్లో ఉంటే అప్పుడు ట్రై బైక్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. నాలుగింట్లో ఒకటి లేకపోయినా ఇంకో సీజన్ ఆగడం మేలు.

రేసు రకం ముందే తెలుసుకోవాలి. ఐరన్‌మ్యాన్ తరహా పోటీల్లో ముందు సైకిల్ చాటున తొక్కడం నిషేధం. ఏజ్ గ్రూప్ వాళ్లు, అంటే ప్రొఫెషనల్స్ కాకుండా వయసు వర్గాల్లో పోటీపడేవాళ్లు, ముందు చక్రం నుంచి ముందు చక్రానికి 12 మీటర్లు వదలాలి, దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటాలి. గాలిని ఎవరికి వారే కోయాలి కాబట్టి అక్కడ ఏరోబార్లకు విలువ. ఒలింపిక్స్‌లో అలా కాదు. 2000లో సిడ్నీలో ట్రయథ్లాన్ చేరినప్పటి నుంచి గుంపుగా, ఒకరి చాటున ఒకరు తొక్కే పద్ధతే. అక్కడ డ్రాప్ హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. జూనియర్ స్థాయి నుంచి జాతీయ జట్టు వైపు వెళ్లాలనుకునే పిల్లలకు తల్లిదండ్రులు ముచ్చటపడి ట్రై బైక్ కొనివ్వడం రెండు విధాల నష్టం: ఆ సైకిల్ వాళ్ల రేసుల్లో చెల్లదు, గుంపులో తొక్కే నేర్పూ దానితో రాదు.

ఆదివారం గ్రూప్ రైడ్లకు వెళ్లేవాళ్లకూ, 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేసే బ్రెవెలకు (గడువు లోపల ముగించే దూరపు రైడ్లకు) వెళ్లేవాళ్లకూ రోడ్ బైకే. గుంపులో ఎవరైనా ఏరోబార్ల మీద వాలి ఉంటే వెనకున్నవాళ్లందరికీ అపాయం, అతని చేతులు బ్రేకు మీద ఉండవు కాబట్టి.

కొనేటప్పుడు 52, 54 అని సైజు అడిగితే సరిపోదు, ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది. క్లిప్-ఆన్ల మీద ఒంటికి కుదిరిన రోడ్ బైక్‌ను గోడ పక్కన చదునుగా నిలబెట్టి రెండు కొలతలు తీయాలి. బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి మెత్త పైభాగం ఎంత ఎత్తు? అదే మధ్య నుంచి మెత్త వెనక అంచు అడ్డంగా ఎంత దూరం? ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే ఏ ట్రై బైక్ ఎన్ని స్పేసర్లతో ఆ భంగిమను ఇస్తుందో కంపెనీ కొలతల పట్టికలో చూసుకోవచ్చు. సీటు 6 సెంటీమీటర్లు ముందుకొస్తే మెత్తలు కూడా ఇంచుమించు అంతే ముందుకు పోవాలని గుర్తుంచుకుని దూరం సరిచేసుకోవాలి.

మన దగ్గర ట్రై బైకులు ఎక్కువగా చేతులు మారినవే దొరుకుతాయి. పాతది చూసేటప్పుడు మోచేతి మెత్తల బోల్టులు విప్పించాలి. ట్రైనర్ మీద తొక్కినప్పుడు చెమటంతా సరిగ్గా అక్కడే కారుతుంది. లోపల అల్యూమినియం మీద తెల్లటి పొడి, బోల్టు తలల చుట్టూ తుప్పు కనిపిస్తే హ్యాండిల్ టేపు కింద, హ్యాండిల్ తిరిగేచోట ఉండే హెడ్‌సెట్ బేరింగుల్లో కూడా అదే ఉంటుందని అర్థం. వాటిని మార్చాలంటే ఫ్రేము లోపలి నుంచి పోయే కేబుళ్లన్నీ లాగాలి, రోడ్ బైక్‌లో అరగంట పని ఇక్కడ పూట పడుతుంది. సీట్ పోస్ట్, స్టెమ్ ఆ ఒక్క మోడల్‌కే సరిపోయేవైతే, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయో లేదో అడగాలి. ముందు చక్రపు ఫోర్కు నుంచి స్టెమ్ దాకా వచ్చే గొట్టాన్ని, అంటే ఫోర్క్ స్టీరర్‌ను మునుపటి యజమాని పొట్టిగా కోయించి ఉంటే హ్యాండిల్ మళ్లీ పైకి లేపలేం. రిమ్ బ్రేకుల కాలపు ఫ్రేముల్లో చాలావాటికి 25 మిల్లీమీటర్లను మించిన టైరు దూరదు. మన రోడ్లకు 28 కావాలి, కాబట్టి చక్రానికీ ఫ్రేముకీ మధ్య సందు కొలిచి చూడాలి.

లోతు రిమ్ములకు పొడుగు వాల్వు ట్యూబులు కావాలి. 60 మిల్లీమీటర్ల రిమ్ముకు 80 మిల్లీమీటర్ల వాల్వు. ఏ షాపులోనో దొరికిన మామూలు ట్యూబు వేసుకుని బయల్దేరితే పంక్చరైనచోట గాలి కొట్టే దారే ఉండదు. వాల్వు రిమ్ము లోపలే ఉండిపోతుంది.

ట్రై బైక్ ఇప్పుడే వద్దనుకుంటే ఆ డబ్బులో చిన్న వంతుతోనే గాలిని తగ్గించే పనులు ఇంకా ఉన్నాయి. ఒంటికి అతుక్కునే ట్రై సూట్ అన్నిటికన్నా చౌక, రెపరెపలాడే జెర్సీకీ దానికీ తేడా పెద్దది. గాలి రంధ్రాలున్న ఏరో హెల్మెట్, కాస్త మంచి టైర్లు, ముంజేతుల మధ్య అడ్డంగా పెట్టుకునే నీళ్ల సీసా. ఈ చివరిదాని లాభం గాలి కన్నా దాహానికి ఎక్కువ. మన ఎండలో గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు తాగాలి. కింది ఫ్రేము సీసాకు చెయ్యి చాచినప్పుడల్లా వంపు చెడుతుందని తాగడం వాయిదా వేసేవాళ్లు పరుగులో పడిపోతారు. గడ్డం కింద గొట్టం ఉంటే తాగుతారు.

కొత్త ట్రై బైక్ మొదటి వారం ట్రైనర్ మీదే ఉండాలి. పది నిమిషాలు వాలడం, రెండు నిమిషాలు లేవడం, ఇలా నాలుగుసార్లు. రెండో వారం ఖాళీ రోడ్డు మీద, మలుపులన్నీ బేస్ బార్ పట్టుకునే. ఒక చేత్తో సీసా తీయడం, మళ్లీ పెట్టడం ఏరోబార్ మీద ఉండగానే రావాలి. గోవాకో ఇంకెక్కడికో డబ్బాలో పెట్టి తీసుకెళ్లే ముందు సీట్ పోస్ట్ ఫ్రేములోకి దిగేచోట ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు వేసి, మెత్తల స్పేసర్లు, కడ్డీల పొడవు ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. హోటల్ గదిలో రాత్రి పదింటికి మళ్లీ బిగించేటప్పుడు ఆ టేపు అంచు కన్నా 5 మిల్లీమీటర్లు పైకో కిందికో పోయినా, 60 కిలోమీటర్ల తర్వాత మోకాలు పట్టేస్తుంది.